ఎర్రబాటల వూరు

హాలండు దేశంలో ఉట్రెక్టు స్టేషనులో దిగినవారికి మొట్టమొదట కనిపించే వింత గోపురమూ కాదు, కాలువా కాదు, సైకిళ్ల సావడి. మూడంతస్తులు, 12,500 సైకిళ్లు! 2019లో పూర్తయింది. సైకిలు దిగకుండానే తొక్కుకుంటూ లోపలికి పోయి, ఖాళీ చోట నిలబెట్టి, మెట్లెక్కి రైలందుకోవచ్చు. మొదటి రోజంతా అద్దె లేదు. టై కట్టుకున్న ఆఫీసరుగారూ, బుట్టనిండా కూరగాయలు పెట్టుకున్న ముసలమ్మగారూ అందరిదీ అదే వాహనం.

మా మేనకోడలి కాపురం ఆ వూళ్లోనే. నేను వెళ్లిన మర్నాడు పొద్దున్నే దాని తొమ్మిదేళ్ల కొడుకు వీపున సంచీ తగిలించుకుని, సైకిలెక్కి, వొంటరిగా బడికి బయలుదేరాడు. నా గుండె గుభేలుమంది. బెజవాడలో బందరు రోడ్డు దాటించడానికి యిరవయ్యేళ్ల కుర్రాణ్ణి కూడా చెయ్యి పట్టుకునే వంశం మాది!

"ఏమే, పసివాణ్ణి అలా రోడ్డుమీదికి వదిలేస్తావా?" అన్నాను.

"రోడ్డుమీదికి కాదు మావయ్యా, సైకిలు బాటమీదికి. నమ్మకం లేకపోతే వెనకాలే వెళ్లిరా" అని వాళ్లాయన సైకిలు నాకప్పగించింది.

వెళ్లాను. బాటంతా ఎర్రని తారు. కార్ల రోడ్డుకూ దీనికీ నడుమ గట్టు వుంది. తెల్లగీత గీసి చేతులు దులుపుకోలేదు. పక్కసందు అడ్డమొచ్చినచోట బాట తెగిపోదు, యెత్తుగా అలాగే సాగుతుంది. సందులోంచి వచ్చే కారే ఆ యెత్తు యెక్కి దిగాలి గనుక దానంతటదే నెమ్మదిస్తుంది. పెద్ద కూడలిలో మూలమూలా చిన్న తిన్నె కట్టారు. మలుపు తిరిగే కారు ఆ తిన్నె చుట్టి వచ్చేసరికి సైకిలువాడు దాని కళ్లకెదురుగా వుంటాడు. సైకిళ్లకు వేరే దీపాలు. యిళ్లున్న వీధుల్లో వేగం గంటకు 30 కిలోమీటర్లు. అడ్డదారిన దూసుకుపోదామనుకునే కార్లకు చాలాచోట్ల దారే వుండదు, చుట్టు తిరిగి పోవలసిందే. కొన్ని వీధుల్లో అయితే బోర్డే పెట్టారు: యిక్కడ కారు అతిథి అని! అతిథి అన్నాక యింటివారి వెనకాల అణిగిమణిగి నడవాలి గదా.

మరొకనాడు పెద్ద కాలువ మీద 2017లో వేసిన సైకిలు వంతెన చూశాను. పడవలకు అడ్డం రాకుండా వంతెన యెత్తుగా వుండాలి; దిగడానికి పొడుగాటి వాలు కావాలి. అందుకని బడినీ, వంతెననూ, తోటనూ కలిపి కట్టారు. బాట బడి కప్పుమీదుగా చుట్టు తిరిగి దిగుతుంది. కింద పిల్లల పాఠాలు, పైన సైకిళ్ల గంటలు!

వీరు మొదటినుంచీ యింత బుద్ధిమంతులనుకోకండి. రెండో ప్రపంచయుద్ధం తరువాత కార్లు పెరిగి, సైకిళ్లను అంచులకు నెట్టాయి. ఈ వూళ్లోనే పాత కందకంలో కొంతభాగం పూడ్చి మోటారు రోడ్డు వేశారు. 1971లో దేశం మొత్తం మీద సుమారు 3,300 మంది రోడ్ల మీద ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందులో పిల్లలు 400 పైన. కూతురిని పోగొట్టుకున్న పత్రికా రచయిత వొకాయన 1972లో "పిల్లల హత్య ఆపండి" అని రాశాడు. ఆ మాటే పేరుగా తల్లిదండ్రుల సంఘం వొకటి లేచింది. పిల్లలను వెంటబెట్టుకుని తల్లులు వీధులకు అడ్డంగా నిలిచారు. 1973 చివర పెట్రోలు కటకట వచ్చి, కొన్ని ఆదివారాలు కార్లు తియ్యరాదని ప్రభుత్వం ఆజ్ఞ వేసింది. ఖాళీ రోడ్డు యెంత హాయో జనం కళ్లారా చూశారు. ఆ తరువాత యేళ్ల తరబడి, వీధి వెంట వీధి, బాటలు పడ్డాయి. పూడ్చిన కందకంలో 2020లో మళ్లీ నీళ్లు పారాయి.

2023లో ఆ దేశంలో రోడ్డు మరణాలు 684. అందులో సైకిళ్లవారు 270 మంది. అదీ తక్కువేమీ కాదు. కాని 1971 లెక్క పక్కన పెట్టి చూస్తే, యీ యాభై యేళ్లలో యెన్ని యిళ్లలో దీపం ఆరకుండా నిలిచిందో తెలుస్తుంది.

మన పట్టణాల్లో మధ్యతరగతి యింట సైకిలు వుంటుంది. పిల్లవాడికి తొక్కాలనీ వుంటుంది. బడిదాకా వొంటరిగా పంపడానికే తల్లికి ధైర్యం చాలదు. ఆ ధైర్యం యివ్వడానికి కావలసింది చారెడు వెడల్పు గట్టు, కాస్త యిసుక, సిమెంటు, తారు. అవి మనకు లేనివి కావు. అడగవలసిన అమ్మానాన్నలూ వున్నారు.