బడికొక గూడు

ఉస్మాన్‌గంజ్‌లో తెల్లవారకమునుపే బస్తాల దింపుడు మొదలగును. ఆ సందడి వెనుక సందులో మా వారు బోధించు సర్కారు బడి అద్దె యింట నడచుచున్నది. మా బిడ్డయు నచటనే చదువుచున్నది. వానకాలమున కప్పు కారును. నాలుగు తరగతులు ఒక్క గదిలో నొదుగును. మరుగుదొడ్డి లేమిచే ముగ్గురు పెద్ద బాలికలు బడి మానిరి. అంతవఱకు మాటలతో ప్రొద్దుపుచ్చిన మేము ఆనాఁడు సిగ్గుపడితిమి.

వాడలోని తల్లులము కూడి అర్జీ వ్రాసితిమి. అందు మా కష్టమే కాని లెక్క లేదు, అది కదలలేదు. పిదప 2009 నాటి విద్యాహక్కు చట్టమును శ్రద్ధతో చదివితిమి. బడి యాజమాన్య సంఘమున ముప్పాతిక పాలు తలిదండ్రులు, సగము పాలు స్త్రీలు ఉండవలెను. ఆ సంఘము వ్రాయు అభివృద్ధి ప్రణాళికయే సర్కారు ధనమునకు ఆధారము. ఉపాధ్యాయున కొక గది, బాలికలకు వేఱు మరుగుదొడ్డి, త్రాగునీరు చట్టమే విధించినది. కావున మేమడుగునది దానము కాదు.

1928లో మాడపాటి హనుమంతరావుగారు మున్నగువారు హైదరాబాదున నెలకొల్పిన ఆంధ్ర బాలికల పాఠశాల, తెలుగున ఉన్నత పరీక్షకై కర్వేగారి మహిళా విశ్వవిద్యాలయము నాశ్రయింపవలసివచ్చెను. ఆ బాలికలకు లేని హక్కు మన బిడ్డలకు కలదు.

మేము గదులు కొలుచునాఁడు, మానిన మువ్వురిలో నొకతె వచ్చి టేపుకొన పట్టుకొన్నది. మంజూరింకను రాలేదు, ప్రణాళిక మాత్రము లెక్కలతో వెళ్లినది. సోదరీమణులారా, మీ వాడబడి సంఘమున మీ పేరున్నదా? ఒకమాఱు విచారింపుఁడు.