ఎవరి అవసరానికి ఏ సైకిలు?

పామర్రులో ఉంటూ మౌంటెన్ బైక్ కొంటానంటే నవ్వకుండా ఎవరుంటారు? ఈ చుట్టుపక్కల ఎత్తయిన చోటంటే కాలవ గట్టు, దాని తర్వాత వంతెన. కొండ చూడాలంటే బెజవాడ దాకా పోవాలి. పైగా మన దగ్గర బైక్ అంటే మోటారు సైకిలే కాబట్టి దీన్ని గేర్ల సైకిలు అంటేనే అర్థమవుతుంది. అయినా నాకు కావలసింది అదే, లేదా దానికి దగ్గరి చుట్టం.

నాట్లప్పుడూ కలుపు తీసేటప్పుడూ ఆడవాళ్లు పాడుకునే పాటలు సేకరిస్తున్నాను. గుడివాడ వైపు, కూచిపూడి వైపు బస్సులున్నాయి, ఆటోలున్నాయి. కానీ బస్సు రోడ్డు మీద ఆగుతుంది, పాట పొలంలో ఉంటుంది. మధ్యలో ఉన్న రెండు మూడు కిలోమీటర్ల గట్టుదారే అసలు సంగతి. అందరూ స్కూటీ కొనుక్కోమన్నారు. వానాకాలం గట్టు మీద స్కూటీ దిగబడితే ఒక్కదాన్నే లేపలేను. సైకిలైతే ఎత్తుకుని బోదె దాటెయ్యొచ్చు.

బెజవాడలో ఒక షాపుకి వెళ్తే "ఎవరికండీ, బాబుకా?" అన్నారు. నాకే అన్నాక ముందు బుట్ట ఉన్న గులాబీరంగు లేడీస్ సైకిలు దగ్గరికి తీసుకెళ్లారు. పక్కనే ఒక కుర్రాణ్ణి మాత్రం ఎత్తెంత, ఎక్కడ తొక్కుతావు, రోజుకి ఎంత దూరం అని అడుగుతున్నారు. సైకిలు ఎంచుకోవడానికి కావలసిన ప్రశ్నలు అవే. ఆడవాళ్ల అవసరం మాత్రం అడగకుండానే వాళ్లకి తెలిసిపోతుంది కాబోలు.

అసలు లేడీస్ సైకిలు అనేదాన్నే కాస్త అనుమానంగా చూడాలి. సీటు నుంచి హ్యాండిల్ దాకా ఉండే కమ్మీని కిందికి దించింది పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, పొడుగు గౌన్ల కోసం. ఎక్కడం దిగడం తేలిక, చీరకీ బాగుంటుంది, కాదనను. అయితే పై కమ్మీ ఉన్న చట్రం త్రికోణాలుగా బిగిసి ఉంటుంది. అది తీసేస్తే అంత గట్టిదనం రావడానికి గొట్టాలు మందం చెయ్యాలి, బరువు పెరుగుతుంది. మర్యాద ఎవరిదైనా దాని బరువు తొక్కేది మనమే.

1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా, కలెక్టర్ షీలా రాణి చుంకత్ ప్రోత్సాహంతో, వేలమంది పల్లెటూరి ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు. పాలగుమ్మి సాయినాథ్ దాని గురించి రాసినదాంట్లో ఒక చిన్న వివరం దగ్గర నేను ఆగిపోయాను. చాలామంది మగవాళ్ల సైకిలే మేలన్నారట. ఎందుకంటే పై కమ్మీ మీద పిల్లల్ని కూచోబెట్టుకోవచ్చు! స్త్రీల కోసం తయారైన సైకిలు కంటే స్త్రీలకి అవసరమైన సైకిలు వేరుగా ఉండొచ్చని వాళ్లు ఏ సిద్ధాంతమూ చదవకుండానే తేల్చేశారు. బీహార్‌లో 2006లో, మన రాష్ట్రంలో 2017లో 'బడికొస్తా' పేరుతో, బడికెళ్లే అమ్మాయిలకి ప్రభుత్వం సైకిళ్లిచ్చింది. మంచిదే. కానీ బడికెళ్లే పిల్ల సైకిలెక్కితే ముచ్చటపడే ఊరు, ముప్పై దాటిన ఆడమనిషి ఎక్కితే ఎక్కడికని అడుగుతుంది.

మౌంటెన్ బైక్ 1970లలో కాలిఫోర్నియాలో, టామల్పాయిస్ కొండ దగ్గర పుట్టింది. లావు టైర్ల పాత సైకిళ్లని కొండ మీంచి కిందికి ఉరికించిన కుర్రకారు ఆట అది. లావు టైర్లు, గట్టి బ్రేకులు, తర్వాత వచ్చిన షాకబ్జార్వర్లు అన్నీ దిగడం కోసమే. మాకు దిగడానికేముంది? అందుకని ఒక్కొక్కటీ మన నేల మీద పెట్టి చూసుకోవాలి. చవక రకం షాకబ్జార్వరు బరువెక్కువ, తొక్కిన బలంలో కొంత అదే మింగేస్తుంది, బురద చేరితే బిగుసుకుపోతుంది. నేను వద్దనుకున్నాను. టైరు రెండంగుళాల వెడల్పు ఉంటే గట్టు మీద మెత్తగా పోతుంది. కానీ దాని బొడిపెలు లోతుగా, దగ్గరదగ్గరగా ఉంటే నల్లమట్టి ఇరుక్కుని చక్రం రొట్టెలా తయారవుతుంది. రిమ్ముని పట్టే బ్రేకుల దగ్గరా ఇదే గొడవ, అందుకే డిస్క్ బ్రేకు. గేర్లు ఇరవయ్యొకటా అన్నది కాదు ప్రశ్న, అన్నిటికంటే తేలికైన గేరు ఎంత తేలిక అన్నది. మధ్యాహ్నం తిరిగాక బందరు వైపునుంచి సముద్రపుగాలి ఎదురుకొడుతుంది చూడండి, అదే మా కొండ.

ఇక సీటు. దీని గురించి మనవాళ్లు ఎవరూ రాయగా నేను చూడలేదు. కూర్చున్నప్పుడు బరువు మోసే కటి ఎముకల మధ్య ఎడం సాధారణంగా ఆడవాళ్లకి కాస్త ఎక్కువ. గేర్ల సైకిలు సీటు సన్నగా ఉంటుంది, హ్యాండిల్ దూరం, ముందుకి వంగాలి. అప్పుడు బరువు ఎముకల మీంచి జారి ముందున్న మెత్తటి భాగం మీద పడుతుంది. ఒరుసుకుపోవడం, తిమ్మిరి, మూత్రానికి వెళ్తే మంట. స్త్రీ శరీరం గురించి సెమినార్లలో గంటలకొద్దీ మాట్లాడిన మేము ఈ నొప్పిని స్నేహితుల మధ్య కూడా "అక్కడ" అనే చెప్పుకుంటాం. 1890లలో పాశ్చాత్య వైద్యులు కొందరు సైకిలు సీటు ఆడవాళ్ల శీలానికి ముప్పని దిగులుపడ్డారు. నొప్పిగా ఉందా అన్న ప్రశ్న ఆ దిగులు కింద పడిపోయింది. వెడల్పాటి సీటు అడిగితే నాకు దొరికింది మెత్తటి స్పాంజి దిండు. మెత్తదనం కాదు, వెడల్పు కావాలి. ఒకటికి నాలుగు సీట్లమీద కూర్చుని చూసి, కొలిచి మార్పించుకున్నాను. ముక్కు ఒక్క వేలు కిందికి దించితే ఇంకా నయం.

చట్రం చిన్న సైజు తీసుకున్నాను. కమ్మీకి అటూ ఇటూ రెండు పాదాలూ పూర్తిగా నేలమీద ఆనించి నిలబడితే మధ్య రెండంగుళాల ఖాళీ ఉండాలి. పెడల్ అడుగుకి పోయినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండాలి. మడ్‌గార్డులు, చైను కవరు, క్యారియర్ ఏవీ దానితో రావు, విడిగా బిగించుకోవాలి. చైను కవరు లేకపోతే చున్నీ సంగతి మీకు చెప్పక్కర్లేదు.

మొన్న గట్టు మీద ముఠామేస్త్రీగా ఉండే ఒకావిడ దాన్ని చుట్టూ తిరిగి చూసింది. ఏటవాలుగా ఉన్న కమ్మీ మీద చెయ్యేసి "దీనిమీద పిల్లోడు కూకోడు, జారిపోద్ది" అంది. నిజమే. తర్వాత క్యారియర్ పట్టుకుని గట్టిగా ఊపి చూసింది. "గడ్డిమోపు మాత్రం ఆగుద్ది. సీటు కాస్త దించు మేడం, ఓ తూరి తొక్కి చూస్తా" అంది, చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుంటూ.