గుజ్జనగూళ్ళలో మాటలు

మా ఇంట ఉర్దూ, గడప దాటితే తెలుగు. రెండేళ్ళు నిండేనాటికి మా చిన్నవాడికి ఈ రెండింటిలోనూ కలిపి పదిహేను మాటలకు మించి రాలేదు. ఆ వయసు పిల్లలు చాలామంది రెండేసి మాటలు జతచేసి పలుకుతారు. ‘‘రెండు భాషలతో బిడ్డ తికమకపడుతున్నాడు, ఒకటి మానేయండి’’ అని బంధువులు హితవు చెప్పారు. మానవలసింది ఉర్దూయేనని వారి భావం. తెలుగు బడికి అవసరం కదా! కాని నానీ మనసు విప్పి మాట్లాడేది ఉర్దూలోనే. ఆమె మాటలు మనవడికి అందని రోజు వస్తుందన్న ఊహే మాకు దుర్భరమైంది.

వైద్యుని సలహాపై ముందుగా వినికిడి పరీక్ష చేయించాము. మాటలు ఆలస్యమైనప్పుడు మొదట తెలుసుకోవలసింది అదే. లోపమేమీ కనిపించలేదు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావనీ, రెండింటిలోని పదాలనూ కలిపి లెక్కించాలనీ ఆయన వివరించారు. రోజూ బిడ్డతో కూర్చుని ఆడమన్నారు. ఆరు నెలల తరువాత మళ్ళీ తీసుకురమ్మన్నారు.

ఇంట్లో ఏటికొప్పాక లక్కపిడతలు ఉన్నాయి. వాటితో గుజ్జనగూళ్ళు మొదలుపెట్టాము. బిడ్డ ముందు నడవాలి, మేము వెంట నడవాలి అన్నదే మేము పెట్టుకున్న నియమం. ‘‘ఇదేమిటి? అదేమిటి?’’ అని పరీక్షించడం మాని, వాడు చేస్తున్న పనికే మాటలు తొడిగాము. వాడు ‘‘పానీ’’ అంటే మేము ‘‘ఠండా పానీ’’ అనేవాళ్ళం. ఏదైనా అడిగితే మనసులో ఐదు లెక్కపెట్టేదాకా మౌనంగా ఎదురుచూసేవాళ్ళం. పెద్దల తొందర ఆగితేనే పసివాడి మాటకు చోటు దొరుకుతుంది. నానీ అతిథిగా వచ్చి ఉర్దూలో చాయ్ అడిగేది. సాయంత్రం పక్కింటి అక్క వచ్చి ‘‘కూర ఉడికిందా?’’ అని తెలుగులో ఆరా తీసేది. పిడతలు అవే, భాషలు రెండు.

ఆటకు ఇంతటి శక్తి ఎలా వచ్చింది? మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ దోబూచులాటను లోతుగా పరిశీలించారు. ఒకరు దాగడం, మరొకరు ఎదురుచూడడం, ఆపై పాత్రలు మారడం - సంభాషణలోని వంతులను పసివారు మాటలు రాకముందే ఇలా అభ్యసిస్తారు. 2003లో పెట్రీషియా కుల్, ఆమె సహచరులు ప్రచురించిన పరిశోధనలో అమెరికాలోని తొమ్మిది నెలల పసివారికి మాండరిన్ భాష వినిపించారు. ఎదుట కూర్చుని ఆడించిన మనిషి నుంచి విన్నవారు ఆ భాషలోని ధ్వనుల భేదం గ్రహించారు. అదే భాషను తెరపై చూసినవారు గ్రహించలేకపోయారు. ఏడాది వయసు పిల్లలకు తెర వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ళ వారికి రోజుకు 1 గంట మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

నాలుగో నెలలో ఒకనాడు వాడు పిడత మూత తీసి, ‘‘నానీ, గరం చాయ్’’ అన్నాడు. నానీ ఆ ఖాళీ పిడతను రెండు చేతులా అందుకుని, ఊదుకుంటూ తాగింది. మరి కొన్నాళ్ళకు పక్కింటి అక్కకు ‘‘కూర వేడి’’ అని చెప్పాడు. ఇప్పుడు వాడికి మూడున్నరేళ్ళు. ‘ర’ ఇంకా సరిగా పలకదు. ఒక్కోసారి ఒకే వాక్యంలో రెండు భాషలూ కలుస్తాయి. రెండు భాషల పిల్లలకు అది సహజమేనని ఇప్పుడు బంధువులకు నానీయే నచ్చజెబుతోంది.

తోటి తల్లిదండ్రులకు మా విన్నపం ఇది. బిడ్డ మాట ఆలస్యమైతే ‘వాడే నేర్చుకుంటాడులే’ అని కూర్చోక వైద్యునికి చూపించండి. ఇంటి భాషను మాత్రం వదలకండి. ఖరీదైన బొమ్మలు అక్కరలేదు. రెండు గిన్నెలు, ఒక గరిటె, పక్కన ఫోను లేని అరగంట చాలు. కింద కూర్చోండి. వంట బిడ్డను చేయనివ్వండి, మీరు అతిథులు కండి.