అన్నం ఎవరు పెట్టిండ్రు?

మా అమ్మమ్మ రజాకార్ల కథ చెప్పినప్పుడల్లా ఒకేలా చెప్పేది. దుమ్ము లేచేది, కుక్కలు మొరిగేవి, ఆడోళ్లంతా పిల్లల్ని చంకనేసుకొని జొన్నచేలో పడుకునేవాళ్లు. అప్పటికి ఆమెకి పదేళ్లు. సూర్యాపేట అవతల చిన్న ఊరు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఎన్నిసార్లు విన్నానో. కథ ఎప్పుడూ జొన్నచేలోనే ఆగిపోయేది. ఊళ్లోకి వచ్చినవాళ్లు ఎక్కడ దిగారు, ఏం తిన్నారు అని అడగాలని తట్టలేదు నాకు.

2024 మార్చిలో 'రజాకార్' సినిమా వచ్చినప్పుడు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో గొడవ మొదలైంది. ఒకడు "మన చరిత్ర దాచేశారు" అన్నాడు. ఇంకొకడు ఏమీ అనకుండా గ్రూపులోంచి వెళ్లిపోయాడు. అతని పేరు చూసి ఎందుకు వెళ్లాడో అందరికీ అర్థమైంది. సినిమా మీద నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుని, రాయలేక చదవడం మొదలుపెట్టాను.

మొదట ఆ మాట. రజాకార్ అంటే స్వచ్ఛంద సేవకుడు, అంతే. వాలంటీర్. 1971లో తూర్పు పాకిస్తాన్‌లో పాక్ సైన్యానికి తోడుగా పెట్టిన దళానికీ అదే పేరు. 2024 జూలైలో ఢాకా విద్యార్థులు ఆ తిట్టునే నినాదంగా తిప్పికొట్టారు. ఇంత మెత్తటి మాట రెండు దేశాల్లో తిట్టుగా మిగిలింది.

హైదరాబాద్‌లో ఇది నిజాం పెట్టిన దళం కాదు. చాలామంది (నేనూ) అలాగే అనుకుంటాం. 1927లో మజ్లిస్ సంస్థ పుట్టింది. 1938లో బహదూర్ యార్ జంగ్ దానికి అధ్యక్షుడయ్యాడు. ఉర్దూలో గొప్ప వక్త. రాజ్యాధికారం నిజాం ఒక్కడిది కాదు, సంస్థానంలోని ప్రతి ముస్లిందీ అన్నది అతని వాదన. తిండికి లేని రిక్షావాడికి కూడా 'నేనే రాజు' అనిపించే ఊహ అది. ఆ రోజుల్లోనే వాలంటీర్ల దళం మొదలైంది. 1944లో అతను హుక్కా తాగుతూ హఠాత్తుగా చనిపోయాడు. 1946లో లాతూరు వకీలు కాసిం రజ్వీ చేతికి సంస్థ వచ్చాక కవాతులు తుపాకులయ్యాయి.

ఒక పార్టీ కర్రల దళం ప్రభుత్వాన్నే నడిపే స్థితికి ఎలా వస్తుంది? నా మట్టుకు జవాబు 1947 అక్టోబర్ 27 తెల్లవారుజామున ఉంది. భారత ప్రభుత్వంతో ఒప్పందం కోసం ఢిల్లీ బయల్దేరాల్సిన ఛతారీ నవాబు, మాంక్టన్, సుల్తాన్ అహ్మద్‌ల ఇళ్లను గుంపులు చుట్టుముట్టాయి. ఛతారీ స్వయానా ప్రధానమంత్రి. ప్రయాణం ఆగిపోయింది, ఆయన రాజీనామా చేశాడు, తర్వాత లాయక్ అలీ వచ్చాడు. నవంబర్ 29న యథాతథ ఒప్పందం ఎటూ కుదిరింది, షరతులు దాదాపు పాతవే! అంటే ఆ గుంపు సాధించింది ఒప్పందంలో మార్పు కాదు. వీళ్లని ఎవరూ అడ్డుకోరని అందరికీ తెలిసిపోవడం. జర్మనీలో 1933 ఫిబ్రవరిలో గోరింగ్ నాజీ దళాలను సహాయక పోలీసులుగా చేస్తూ ఉత్తర్వే ఇచ్చాడు. ఇక్కడ పోలీసులు పక్కకి జరిగితే సరిపోయింది.

నల్గొండలో కథ ఇంకో రకం. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయింది రజాకార్ల చేతిలో కాదు, విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో. ఆ తర్వాత సంఘానికి భయపడి పట్నాలకు పారిపోయిన దొరలు, రజాకార్లనూ పోలీసులనూ వెంటబెట్టుకొని ఊళ్లకు తిరిగొచ్చారు. ఆ దొరల్లో ఎక్కువమంది హిందువులే. ఎదురు నిలిచినవాళ్లలో మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నాడు. రజాకార్లను తన పత్రికలో తప్పుపట్టినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన షోయబుల్లా ఖాన్ ఉన్నాడు. అదే ఆగస్టు 27న బైరాన్‌పల్లి జరిగింది. బైరాన్‌పల్లిని చిన్నది చేయడానికి ఇవన్నీ చెప్పట్లేదు. బైరాన్‌పల్లిని చూపించి మిగతావన్నీ మూసేయడం నచ్చక చెప్తున్నా.

ఆ వేసవిలోనే ఊరికి వెళ్లాను. అమ్మమ్మకి ఎనభై ఆరు, చెవులు సరిగ్గా వినపడవు. గట్టిగా అడిగాను: "అమ్మమ్మా, రజాకార్లు ఊళ్లోకొస్తే అన్నం ఎవరు పెట్టిండ్రు?"

చాలాసేపు మాట్లాడలేదు. వినలేదేమో అనుకొని మళ్లీ అడగబోయాను.

"మనింట్లనే పెట్టిండ్రు బిడ్డా. మీ తాత పోలీసు పటేలు గద. ఊరి కోళ్లన్ని పట్టుకొచ్చి మా అమ్మతోని వండిచ్చిండ్రు."

"భయపడి పెట్టిండా?"

"భయం ఉండదా. గని భయమొక్కటే కాదు. సంఘపోల్లు అంతకుముందే మన కాయితాలు కాలవెట్టిండ్రు. మా నాయినకు కడుపుల మంట ఉండె. ఎవరెవరు సంఘంల తిరుగుతున్నరో ఆయ్నే చెప్పిండు."

మరి జొన్నచేను? అది నిజమే. ఆడోళ్లు దాక్కున్నారు, ఆమె తల్లి ఒక్కతి తప్ప. ఆమె పొయ్యి దగ్గర ఉంది.

పేర్లు చెప్పినవాళ్లలో ఎవరైనా చచ్చిపోయారా అని అడిగాను. ఇద్దరిని పట్టుకుపోయారట, ఒకాయన తిరిగి రాలేదట. ఆయన మనవడి కిరాణా కొట్టు మా వీధి మూలమీదే ఉంది. చిన్నప్పుడు నాకు చాక్లెట్లు ఊరికే ఇచ్చేవాడు.

అమ్మమ్మ అక్కడితో ఆపలేదు. పోలీసు చర్య అయ్యాక సంగతి కూడా చెప్పింది. సెప్టెంబర్ 13న సైన్యం దిగింది, 17కల్లా నిజాం లొంగిపోయాడు. తర్వాత జరిగిన హత్యాకాండలో 27 వేల నుంచి 40 వేల మంది దాకా ముస్లింలు చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా. ఘోరంగా జరిగింది మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో. మా ఊళ్లో ఒక దూదేకుల కుటుంబం ఉండేదట. రజాకార్లతో వాళ్లకు ఏ సంబంధమూ లేదు. ఒక రాత్రి గిన్నెలూ దూదిబండీ వదిలేసి వెళ్లిపోయారు.

"మరి తాతనెవ్వరూ ఏమనలే?"

"ఏమంటరు? పటేలు గద. ఖద్దరు టోపి పెట్టుకున్నడు."

తిరిగొచ్చేటప్పుడు మూలమీది కొట్టు దగ్గర కారు ఆపాను. ఆయన నన్ను గుర్తుపట్టి, హైదరాబాద్‌లో ట్రాఫిక్ ఎట్లుందని అడిగాడు. ఒక నీళ్ల బాటిల్ కొన్నాను. ఇరవై రూపాయలు ఇస్తే తీసుకోనన్నాడు. బలవంతంగా గల్లాపెట్టె మీద పెట్టి వచ్చాను.