దెబ్బ తిన్న డయోడ్



గత ఆదివారం ఆరాధనకు ముందు మన గిటారు తమ్ముడు పెడల్‌కు కీబోర్డు అడాప్టర్ పెట్టాడు. పెడల్ పిన్నుకు మధ్యలో మైనస్ ఉండాలి. దానికి ప్లస్ ఉంది. పెడల్ ఆగిపోయింది. అందరి ముందే కసిరాం. సాయంత్రం కూడికకు అతడు రాలేదు.

సోమవారం విప్పి చూస్తే, లోపల ఒక చిన్న డయోడ్ మాడిపోయి ఉంది. కరెంటు తిరగబడితే తన మీద వేసుకుని మిగతా సర్క్యూట్‌ను కాపాడడానికే దాన్ని పెడతారు. కొత్త 1ఎన్4001 డయోడ్‌ను, గీత ప్లస్ వైపు ఉండేలా సోల్డరింగ్ చేశాం. 9 వోల్టుల సరైన అడాప్టర్‌తో లైటు వెలిగింది.

రెండు రూపాయల డయోడ్ దెబ్బ తాను తిని కాపాడింది. కాపరులమైన మేము దెబ్బ కొట్టాం. ఆ రాత్రే తమ్ముడి ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాం. ఈ ఆదివారం కూడా అడాప్టర్ అతడే పెడతాడు.