ఒక తోటకి ఇద్దరు కౌలుదార్లు కుదరదన్న డేటాబేస్

వజ్రపుకొత్తూరు మండలంలో మాకున్న జీడితోటని ఒకే వేసవిలో ఇద్దరికి కౌలుకిచ్చేశాను. కంప్యూటర్లోనే లెండి. మొదటి మనిషికి ఫిబ్రవరి 1 నుంచి జూన్ 1 దాకా, రెండో మనిషికి మే 15 నుంచి. రెండో వరుస రాసి ఎంటర్ నొక్కితే మేం వాడుతున్న డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ తీసుకోలేదు. ఆ తోటలో ఆ రోజులకి ఇంకో మనిషి ఉన్నాడంది. నేను కుర్చీలోంచి లేచిపోయాను.

"మళ్ళీ కొట్టరా" అన్నాను మా మేనల్లుడితో. మళ్ళీ అదే జవాబు.

"నేనేటీ ప్రోగ్రామ్ రాయలేదు మావయ్యా. పట్టిక కట్టినప్పుడే ఒక్క ముక్క చెప్పాను, అంతే" అన్నాడు వాడు.

నేను కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ లెక్కలు రాసేవాణ్ణి. ఎక్సెల్ తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. వాడు టెక్కలిలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. 2025 మే 8న పోస్ట్‌గ్రెస్ 18 మొదటి బీటా వస్తే, సెలవులకి ఇంటికొస్తూ ల్యాప్‌టాప్‌లో వేసుకుని తెచ్చాడు. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో మైఖేల్ స్టోన్‌బ్రేకర్ 1986లో మొదలుపెట్టిన పని ఇది. ఇవాళ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలి కోడ్ విప్పి చూసుకోవచ్చు. ఏటా అసలు విడుదలకి కొన్ని నెలల ముందే బీటాని బయటపెట్టి, మీ లెక్కలతో నడిపి చూడండి, తప్పులుంటే చెప్పండి అని లోకాన్నంతా అడుగుతారట. అసలు లెక్కలు మాత్రం దీనిమీద పెట్టొద్దంటారు. మేమూ నకలే పెట్టాం.

పట్టిక పేరు తెలుగులోనే పెట్టాం: కౌలు. (పేరుకి 63 బైట్లే ఇస్తారు, మన అక్షరంలో ఒక్కో గుర్తూ మూడు బైట్లు తింటుంది. అయినా 21 గుర్తులు పడతాయి, చాలు.) దాని ప్రైమరీ కీలో తోట, కాలం అని రెండు గడులు పెట్టి, కాలం పక్కన 'వితౌట్ ఓవర్‌ల్యాప్స్' అన్నాడు వాడు. వాడు చెప్పిన ఒక్క ముక్కా ఇదే. ముందుగా బీట్రీ జిస్ట్ అనే ఎక్స్‌టెన్షన్ ఒకటి పెట్టుకోవాలి. ఇలాంటి కాపలా 2010 నుంచే వేరే పద్ధతిలో ఉందట. ఇప్పుడది సరాసరి కీలోకే వచ్చి కూర్చుంది. రెండో మనిషి తేదీని జూన్ 1కి మార్చగానే ఒప్పుకుంది. కాలంలో మొదటి రోజుని కలుపుకుని చివరి రోజుని వదిలేస్తుంది కాబట్టి, ఒకరు దిగిపోయిన రోజునే ఇంకొకరు తోటలో అడుగు పెట్టొచ్చు. మా ఊళ్ళో కౌలు మారేదీ అలాగే కదా!

ఇంకా గొప్పది కాపలా మనిషి సంగతి. కాపలా పట్టికని కౌలు పట్టికకి 'పీరియడ్' అనే మాటతో ముడివేశాడు. ఇక కౌలు లేని రోజులకి కాపలా రాస్తే తీసుకోదు. ఫిబ్రవరి నుంచి జులై దాకా ఒకే మనిషి కాపలా ఉంటే, మధ్యలో కౌలుదారు మారినా ఫరవాలేదు. వెంటవెంటనే వచ్చిన రెండు కౌళ్ళనీ కలిపి చూసుకుని సరేనంటుంది. నేను దీన్ని నాలుగుసార్లు చేయించి చూశాను.

ఆ రాత్రి మా నాన్న పాత లెక్కల పుస్తకాలు దించాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. మా ఉద్దానం ప్రాంతంలో జీడిచెట్లూ కొబ్బరిచెట్లూ వేళ్ళతో సహా లేచిపోయాయి. ఆ తర్వాత మా తోటకి ఇద్దరు మనుషులు వచ్చి, కౌలు నాదంటే నాదని అడ్వాన్సు తిరిగిమ్మన్నారు. ఎవరిది నిజమో తేలక నాన్న ఇద్దరికీ ఇచ్చేశాడు. పుస్తకంలో వరుసలు ఒక్కొక్కటే ఎక్కిస్తూ పోతే, ఆ ఏటి రెండో కౌలు దగ్గర పోస్ట్‌గ్రెస్ ఆగిపోయింది. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా రెండు కౌళ్ళూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. తేదీ రాయడంలోనే పొరపాటు జరిగింది. ఇద్దరూ నిజమే చెప్పారు. నాన్న ఇచ్చింది న్యాయమేనని ఏడేళ్ళకి తెలిసింది.

ఈ 18లో మిగతా కొత్తవీ బాగున్నాయి. ఉద్దానంలో జీడిపిక్కల బేరం 80 కేజీల బస్తా మీద నడుస్తుంది. ప్రపంచ వ్యాపారంలోనూ 80 కేజీల బస్తాకి ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందన్నదే లెక్క. ఆ దిగుబడికి ఒక వర్చువల్ గడి పెట్టాం. అది డిస్కులో ఎక్కడా దాచదు, అడిగినప్పుడు లెక్కకట్టి చూపిస్తుంది. పిక్కల రేటు మారిస్తే పాతదీ కొత్తదీ ఒకే జవాబులో పక్కపక్కన ఇస్తుంది. పప్పు గ్రేడు, తేదీ వరుసలో కట్టిన ఇండెక్సుని గ్రేడు చెప్పకుండా తేదీ ఒక్కటే అడిగినా వాడుకుంటుంది. డబ్ల్యూ 180, 210, 240, 320 అంటూ గ్రేడు నుంచి గ్రేడుకి గెంతుతూ వెతుకుతుంది. గ్రేడులు కొన్నే కాబట్టి ఇది మా లెక్కలకే పుట్టినట్టుంది. డిస్కు నుంచి చదవడంలో మూడింతల దాకా వేగం చూశామని తయారుచేసినవాళ్ళు చెబుతున్నారు. ఒక ముక్క చదివేలోపు తర్వాతి ముక్కలకి కబురు పెట్టేస్తుందట. మా లెక్కలు చిన్నవి, మాకది కనబడలేదు.

నా మనసంతా ఆ కౌలు పట్టిక మీదే ఉంది. అందుకే వాడు చెప్పిన ఇంకో మాటకి గుండె జారింది. పాల్ జంగ్‌విర్త్ అనే ఆయన ఏళ్ళతరబడి రాసిన ఈ ఏర్పాటుని 17వ వెర్షన్‌లోకే తీసుకుని, 2024 మేలో మొదటి బీటాకి కొన్నాళ్ళ ముందు వెనక్కి తీసేశారట. ఖాళీ కాలం, అంటే ఒక్క రోజు కూడా లేని కౌలు, దేనిమీదా పడదు కాబట్టి అలాంటివి ఎన్నయినా దూరిపోతాయని తేలిందట. "ఈసారీ తీసేస్తారేటిరా?" అన్నాను. వాడు మాట్లాడకుండా ఖాళీ కాలం ఒకటి రాసి ఎంటర్ నొక్కాడు. తీసుకోలేదు.

అయినా సెప్టెంబరు 25న అసలు విడుదల వచ్చిన సాయంత్రం, పప్పు టిన్నుల లెక్క పక్కనపెట్టి వాడికి ఫోన్ చేశాను.

"ఉంది మావయ్యా" అన్నాడు, నేను అడక్కముందే.