పోయిన సామాను, దొరికిన సామాను

సావనీరుకు ఏదైనా రాసివ్వమని విద్యార్థి సంఘం కుర్రాళ్లు వచ్చినప్పుడు "ఏం రాయమంటారర్రా?" అని అడిగాను. "ఏదైనా సరే సార్, మీ కాలేజీ రోజుల సంగతి" అన్నారు. "అయితే దొంగతనం గురించి రాస్తాను" అన్నాను. వాళ్లు నవ్వారు గాని, నేను వేళాకోళానికి అనలేదు.

దొంగతనాల గురించి లోకంలో చాలామంది రాశారు. పోయిన వస్తువు దొరకడం గురించి రాసినవాళ్లు తక్కువ. నిజానికి పోవడం ఒక్క రాత్రి పని. దొరకడం పెద్ద కథ. దొరికిన దాన్ని ఎదురుగా పెట్టుకుని "ఇది నాదండీ" అని నమ్మించడం అంతకన్నా పెద్ద కథ.

యమహా ఆర్ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చింది, 1996 దాకా తయారైంది. 98 సీసీ, 11 గుర్రాల శక్తి. మేము చదువుకునే రోజుల్లో అది ఇంకా షోరూముల్లో దొరుకుతూ వుండేది గాని, కొనే తాహతు మాలో ఒక్కడికే వుంది. ఆ ఒక్క బండి చుట్టూ ఐదుగురం చేరి మాకు మేమే "రేసింగు టీము" అనుకున్నాం. సీతమ్మధారలో కొండవైపు వీధిలో ఒక రేకుల షెడ్డు మా ఆస్థానం. తోలేవాడు ఒకడు, విప్పి బిగించేవాళ్లు ఇద్దరు, చందాలు పోగుచేసేవాడు ఒకడు. నాకు బండి తోలడం అంతంతమాత్రం గనక పుస్తకం రాసే పని అప్పగించారు.

రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ అది. ఏ రోజు కార్బురేటర్లో ఏ నెంబరు జెట్ వేశాం, వెనక స్ప్రాకెట్‌కి ఎన్ని పళ్లు, ఆ రోజు ఉక్కపోతా వానా, పరుగు తర్వాత ప్లగ్ విప్పి చూస్తే ఏ రంగులో వుంది, ఇవన్నీ రాయాలి. ప్లగ్ తెల్లగా కాలితే పెట్రోలు చాలలేదని, నల్లగా తడిగా వుంటే ఎక్కువైందని, కాఫీపొడి రంగులో వుంటే సరిపోయిందని లెక్క. సముద్రం పక్కనున్న వూరు గనక గాలిలో తేమ రోజుకో రకంగా వుండేది. జెట్ల లెక్కా దానితోపాటే మారేది. నన్ను అందరూ "చిత్రగుప్తుడు" అని పిలిచేవాళ్లు. అప్పట్లో అది ఎగతాళి పేరే.

మా గురి మద్రాసు రేసుల మీద. సీనియర్లు షోళవరం కథలు చెప్పేవాళ్లు. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే మీద రేసులు జరిపేవారట అక్కడ. 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసుల కోసమే కట్టిన ట్రాక్ వచ్చింది. మాలాంటివాళ్లు అక్కడికి వెళ్లాలంటే ట్యాంకులో పెట్రోలు ఖాళీ చేసి, బండికి గోనెపట్టా చుట్టి, రైలు పార్సెలు ఆఫీసులో బుక్ చేయాలి. మిగతా సామాను వడ్రంగి చేత చేయించిన చెక్కపెట్టెలో పెట్టి మా వెంట తీసుకెళ్లాలి.

ఆ పెట్టెలో ఏముందో చెబితే తప్ప ఈ కథ అర్థం కాదు. స్పానర్లు, మాగ్నెట్ పుల్లర్, ఫీలర్ గేజ్, రెండు పిస్టన్లు, నాలుగు స్ప్రాకెట్లు, అరువు తెచ్చిన హెల్మెట్టు, తోలు సూటు. వాటికి తోడు మేము అరగదీసి సిద్ధం చేసిన సిలిండర్ బ్లాకు. అన్నిటికన్నా ముఖ్యమైంది రేసింగు సైలెన్సర్. దాని అసలు పేరు ఎక్స్‌పాన్షన్ చాంబర్.

టూ స్ట్రోక్ ఇంజనులో కాలిన పొగ బయటికి పోయే దారీ, కొత్త గాలి, పెట్రోలు లోపలికి వచ్చే దారీ కాసేపు ఒకేసారి తెరిచి వుంటాయి. జగదాంబలో ఫస్ట్ షో వదిలే వేళకే సెకండ్ షో జనాన్ని కూడా లోపలికి వదిలితే ఎలా వుంటుందో అలా వుంటుందన్నమాట. పాతవాళ్లతో పాటు కొత్తవాళ్లు కొందరు కూడా అవతలి గుమ్మంలోంచి బయటపడిపోతారు. ఆ గుమ్మం బయట ఒక వస్తాదు నిలబడి, ముందు పాతవాళ్లను బయటికి లాగేసి, ఆ వెంటనే బయటపడ్డ కొత్తవాళ్లను మళ్లీ లోపలికి తోశాడనుకోండి. ఆ తోసిన క్షణానే తలుపు పడాలి. ఆ వస్తాదే ఈ చాంబర్. కొసలు సన్నగా, పొట్ట లావుగా వుండే గొట్టం. గొట్టం వెడల్పయ్యే చోటినుంచి వెనక్కి వచ్చే అల పొగను లాగుతుంది. మళ్లీ సన్నబడే చోటినుంచి తిరిగొచ్చే అల కొత్త గాలిని లోపలికి నెడుతుంది. పొడుగు కాస్త తేడా వస్తే అల వేళకు రాదు.

ఇంత పని చేసే గొట్టం బజార్లో దొరకదు. రేకు కత్తిరించి, కోన్లుగా చుట్టి, ముక్క ముక్క అతకాలి. షిప్‌యార్డులో వెల్డింగు చేసి రిటైరయిన పెద్దాయన ఒకరు మా వీధిలో వుండేవారు. మేమంతా తాతా అని పిలిచేవాళ్లం. "ఓడకైతే నీరు లోపలికి రాకూడదు, దీనికైతే పొగ బైటికెల్లకూడదు. రెండూ ఒకటే కదేటి!" అని నవ్వి, గ్యాస్ వెల్డింగుతో అతికి పెట్టారు. డబ్బు తీసుకోలేదు. రెండు సింహాచలం సంపెంగలు తెచ్చిస్తే చాలన్నారు, మామ్మగారి కోసం.

రైలెక్కడానికి రెండు రోజులుందనగా షెడ్డు గొళ్లెం విరిచి పెట్టె పట్టుకుపోయారు. బండి తోలేవాడి ఇంట్లో వుంది గనక మిగిలింది. కాని బ్లాకు లేదు, చాంబర్ లేదు, హెల్మెట్టు లేదు. ఎంట్రీ ఫీజు కట్టేశాం, టిక్కెట్లు తీసేశాం. అన్నిటికన్నా బాధాకరమైన సంగతి ఒకటుంది. మా తోలేవాడికి వాళ్ల నాన్నగారు "ఈ ఒక్క ఏడాదే" అని గడువు పెట్టి వున్నారు. ఆ తర్వాత వుద్యోగంలో చేరాలి. ఆ ఆదివారం ఐదుగురం ఆర్కే బీచిలో కూర్చుని, ఇప్పుడు ఫలానా రేసు మొదలై వుంటుంది, ఇప్పుడు అయిపోయి వుంటుంది అని వాచీ చూసుకుంటూ సాయంత్రం చేశాం. వాడు మాత్రం ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అని సామెత. మా విషయంలో మూడు నెలలే పట్టింది. వేరే కేసులో పట్టుబడ్డ మనిషి మా పెట్టె సంగతి కూడా ఒప్పుకున్నాడట. ఒక పాత ఇనప సామాన్ల కొట్లో, మధ్యవర్తుల సమక్షంలో, గోనెసంచిలో కట్టిన మూట దొరికింది. హెల్మెట్టు, తోలు సూటు పోనే పోయాయి. మిగతాది తూకానికి అమ్మాడు. నెలల తరబడి మేము అరగదీసి, కొలిచి, అతికించినదంతా కిలోల లెక్కన ఇనుముగా మారింది. నిజం చెప్పాలంటే పోయిందని తెలిసిన నాటికన్నా ఆ మాట విన్న రోజే ఎక్కువ దుఃఖం కలిగింది.

స్టేషనుకు రమ్మన్నారు. ఎస్సైగారు మర్యాదస్తుడే గాని పని దగ్గర గట్టివాడు.

"బిల్లులున్నాయా?"

"పాత సామాను కొని మేమే మార్చుకున్నామండీ. బిల్లుల్లేవు."

"నెంబరేమైనా వుందా?"

"ఇంజను నెంబరు కింద క్రాంక్‌కేసు మీద వుంటుందండీ. అది బండితో పాటు మా దగ్గరే వుంది. ఈ బ్లాకు మీద వుండదు."

"మరి ఇది మీదేనని నేనెలా రాసేది? రేపు ఇంకొకడొచ్చి నాదంటే?"

ఆయన అడిగింది న్యాయమే. అప్పుడు నా నోట్‌బుక్ తీశాం. వెనక స్ప్రాకెట్‌కి 38 పళ్లు అని రాసి వుంది. కానిస్టేబులుగారు బల్ల మీద పెట్టుకుని, సుద్దతో ఒక పన్నుకు గుర్తు పెట్టి, పైకి లెక్కపెట్టారు. సరిగ్గా 38. ఎగ్జాస్టు పోర్టు పైఅంచు ఒకటిన్నర మిల్లీమీటర్లు పైకి అరగదీశామని, ఎడమవైపు ఆకురాయి జారి చిన్న గీత పడిందని తేదీతో సహా రాసి వుంది. టార్చిలైటు వేసి చూస్తే గీత వుంది.

చాంబర్ వంతు వచ్చేసరికి తాత ముందుకొచ్చారు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, బొటనవేలితో అతుకుల వెంట తడుముకుంటూ పోయారు. "ఇది నా సేతిరాత బాబూ. ఈ నాలుగో అతుకు కాడ గ్యాసు అయిపోనాది. ఆపేసి మర్నాడు మల్లీ ఎత్తుకున్నాను. సూడండి, ఆ మచ్చ" అన్నారు. ఎస్సైగారు వంగి చూశారు. కాగితం మీద "వెల్డింగు చేసిన వ్యక్తి గుర్తించెను" అని రాసుకున్నారు. నన్ను చిత్రగుప్తుడని ఎగతాళి చేసిన నలుగురూ ఆ రోజు నాకు టీ ఇప్పించారు.

గుర్తుపట్టినంత మాత్రాన చేతికి రాదు. అది కేసు ప్రాపర్టీ. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 451వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుగారికి అర్జీ పెట్టుకుని, బాండు రాసిస్తే, విచారణ అయ్యేదాకా మన దగ్గర పెట్టుకోనిస్తారు. అడిగినప్పుడు మళ్లీ హాజరుపరచాలి. సొత్తును ఏళ్ల తరబడి స్టేషన్లలో పడేసి పాడుచేయవద్దని, ఫొటోలు తీయించి, పంచనామా రాయించి హక్కుదారుకు త్వరగా ఇచ్చేయాలని 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 497వ సెక్షన్ గడువులు కూడా పెట్టింది. సొత్తు కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లో దాని వివరాలు రాయాలి, ఫొటోనో వీడియోనో తీయాలి. ఆ తర్వాత 30 రోజుల్లో దాన్ని ఏం చేయాలో ఉత్తర్వు ఇవ్వాలి. ఈ సెక్షన్లు మా రోజుల్లో వుంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

సరే, సామాను వచ్చింది. కాని ఆ ఆదివారం రాలేదు. పెట్టె షెడ్డుకు చేరేనాటికి మా తోలేవాడు అప్రెంటిసుగా చేరి షిఫ్టులకు వెళుతున్నాడు. మర్నాటి ఏడు అదే చాంబర్‌తో మా జూనియర్ ఒకడు మద్రాసు వెళ్లి రేసు పూర్తిచేసి వచ్చాడు. స్టేషన్లో వాణ్ని దింపుకోవడానికి మొదట వచ్చినవాడు, నైట్ షిఫ్టు దిగి నిద్ర కూడా పోకుండా వచ్చినవాడు, మా పాత తోలేవాడే.

ఇలాంటివి పెద్ద జట్లకూ తప్పవు. 2021 అక్టోబరులో ఫ్రాన్సులోని రూబేలో ప్రపంచ ట్రాక్ సైక్లింగు పోటీలు జరుగుతుండగా ఇటలీ జట్టు వ్యానులోంచి ఇరవైకి పైగా సైకిళ్లు పోయాయి. టోక్యో ఒలింపిక్స్ విజేత ఫిలిప్పో గన్నా బంగారు రంగు సైకిలు కూడా వాటిలో వుంది. కొన్ని వారాల్లో అవి ఎక్కడో రుమేనియాలో దొరికాయి. అటువంటి సైకిలును దాచడం కష్టం. చూసినవాడెవడైనా ఇది ఫలానావాళ్లదని పోల్చుకుంటాడు.

అయితే ఏ పోలీసూ పట్టుకోలేని దొంగతనం ఒకటుంది. తూర్పు జర్మనీలో చోపౌ అనే చిన్న వూళ్లో ఎమ్‌జెడ్ అనే మోటారు సైకిళ్ల కంపెనీ వుండేది. ఇందాక నేను చెప్పిన అల విద్యను రేసు ఇంజనుకు సంపూర్ణంగా పట్టించిన మహానుభావుడు అక్కడి ఇంజనీరు వాల్టర్ కాడెన్. 1961 నాటికే ఆయన 125 సీసీ ఇంజను 25 గుర్రాల శక్తి ఇచ్చేది, అంటే లీటరుకు 200. బెర్లిన్ గోడ లేచిన నెలరోజులకు, ఆ ఏడు సెప్టెంబరులో, స్వీడన్ గ్రాండ్ ప్రీకి వచ్చిన ఎమ్‌జెడ్ రైడర్ ఎర్నస్ట్ డెగ్నర్ జట్టును వదిలి పారిపోయాడు. కాడెన్ రహస్యాలతో సహా జపాను వెళ్లి సుజుకీ కంపెనీలో చేరాడు. 1962లో 50 సీసీ ప్రపంచ చాంపియన్‌షిప్ సుజుకీకి వచ్చింది. బండి మీద వున్నవాడు డెగ్నరే. సుజుకా ట్రాక్‌లో అతను పడిపోయిన మలుపుకి ఇప్పటికీ అతని పేరే. కాడెన్ పేరు మీద అక్కడ మలుపు లేదు.

మా పెట్టె పట్టుకుపోయినవాడికి ఇనుము దొరికింది, పని దొరకలేదు. పని తాత చేతిలోనూ, నా పుస్తకంలోనూ వుండిపోయింది. అందుకే సామానును మళ్లీ మాదని చెప్పుకోగలిగాం. డెగ్నర్ పట్టుకుపోయింది అసలు పనినే. కాడెన్ ఏ స్టేషనుకు వెళ్లి ఏ అతుకు చూపిస్తాడు? ఇంకో తమాషా ఏమిటంటే, ఆ విద్య జపాను కంపెనీల టూ స్ట్రోక్ బళ్లన్నిటికీ పాకి, చివరికి సీతమ్మధార రేకుల షెడ్డు దాకా వచ్చింది. ఎస్సైగారి ముందు "ఇది మాదండీ" అని మేము గట్టిగా చెప్పుకున్న గొట్టం ఆకారం ఒకప్పుడు మరొకరి దగ్గర్నుంచి పోయిన సొత్తే. ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. తెలిశాక ఆ పాత నోట్‌బుక్ తీసి, చాంబర్ కొలతలున్న పేజీలో, అతికిన తాత పేరు పైన వాల్టర్ కాడెన్ పేరు కూడా రాశాను.

ఇప్పుడు మన కుర్రాళ్లు ఫార్ములా భారత్ లాంటి పోటీలకు సొంతంగా కార్లే తయారుచేస్తున్నారు. ల్యాప్‌టాపులో డిజైన్లు, ఫోనులో ఫొటోలు. మా రోజులతో పోలిస్తే ఎన్నో సౌకర్యాలు. అయినా అన్నగా రెండు మాటలు. చేసిన ప్రతి ముక్క మీదా మీ గుర్తు ఒకటి వేసుకోండి, తేదీతో రాసుకోండి. నేర్చుకున్న ప్రతి విద్య పక్కనా నేర్పినవాడి పేరు రాసుకోండి. మొదటిది పోతే వెతికిపెట్టడానికి పోలీసులున్నారు. రెండోది పోతే కంప్లయింటు రాసుకునేవాళ్లు ఎవరూ లేరు.